ఎవరిదీ కాని పాట

ఇప్పుడు మనం 'ఇండీ' అంటున్న పాటని మా ముందు తరం వాళ్లు 'ప్రైవేటు పాట' అనేవాళ్లు. రేడియోలో పాట వినపడగానే "ఏ సినిమాలోది?" అని ఒకరు అడగడం, "సినిమాది కాదు, ప్రైవేటు" అని ఇంకొకరు చెప్పడం ఇళ్లల్లో మామూలుగా జరిగేది. ఆ జవాబులో కొంచెం తక్కువచూపు కూడా ఉండేది, పాపం సినిమా దాకా రాలేకపోయింది అన్నట్టు. తెలుగులో పాటకి సినిమా ఇంటిపేరైపోయింది. ఆ ఇంటిపేరు లేని పాటని ఏమని పిలవాలో మనకి ఎప్పుడూ సరిగ్గా తెలీలేదు.

కిందటేడు మా అక్క కొడుకు నన్నో పాట అడిగాడు. నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాడు, మీడియా కోర్సు. ప్రాజెక్టుకి నాలుగు నిమిషాల మ్యూజిక్ వీడియో తీయాలి. లొకేషన్ మైపాడు బీచ్ అని తేల్చేసుకున్నారు. కెమెరా ఉంది, నటించడానికి స్నేహితులున్నారు, ఎడిటింగ్ వచ్చినవాడూ ఉన్నాడు. లేనిదల్లా పాట. షరతులు మూడు: సినిమా పాట కాకూడదు, తెలుగులో ఉండాలి, యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ గొడవ రాకూడదు. "నీకు పాత పాటలన్నీ తెలుసు గదా మామా, ఎవురినీ అడగాల్సిన పన్లేని పాట ఒక్కటి చెప్పు, చాలు" అన్నాడు.

ఎవరినీ అడగాల్సిన పని లేని పాట! వినడానికి చాలా చిన్న కోరిక. కానీ ఆ మాట పట్టుకుని వెనక్కి నడిస్తే, ఈ వందేళ్లలో తెలుగు పాట ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో మొత్తం కనిపిస్తుంది.

*

ముందుగా గ్రామఫోన్ రోజుల్లోకి వెళ్దాం. సినిమాతో సంబంధం లేకుండా రికార్డు అయిన తెలుగు పాటల్లో అందరికీ తెలిసినది 'మా తెలుగు తల్లికి'. తిరుపతి కవి శంకరంబాడి సుందరాచారి దాన్ని నిజానికి సినిమా కోసమే రాశాడు. 1942 నాటి 'దీనబంధు' అనే సినిమా. చిత్తూరు నాగయ్య అందులో నటుడు. సినిమావాళ్లు ఆ పాట వాడుకోలేదు. తర్వాత హెచ్.ఎం.వి. వాళ్లు టంగుటూరి సూర్యకుమారి చేత పాడించి ప్రైవేటు రికార్డుగా తెచ్చారు. సినిమాకి అక్కర్లేని పాట రాష్ట్ర గీతమై, బడిలో పొద్దున్నే వరసగా నిలబడి పిల్లలందరూ పాడే పాటయింది. మన ప్రైవేటు పాట సాధించిన అతి పెద్ద విజయం బహుశా ఇదే.

మరి దీన్ని ఓ విద్యార్థి తన వీడియోలో ఎవరినీ అడక్కుండా పెట్టుకోవచ్చా?

ఇక్కడ మనకి ఒక్కటిగా వినపడే పాట చట్టం దృష్టిలో కనీసం మూడు ముక్కలు. రాసిన మాటలు ఒక ముక్క, కట్టిన వరస ఇంకో ముక్క, రికార్డయిన శబ్దం మూడోది. మాటల మీదా వరస మీదా హక్కు ఆ రాసినవాళ్లు, కట్టినవాళ్లు బతికున్నంత కాలమూ, పోయాక ఇంకో అరవై ఏళ్లూ ఉంటుంది. రికార్డింగు మీద హక్కు అది వెలువడిన ఏడాది నుంచి అరవై ఏళ్లు. ఈ లెక్కన 1940ల నాటి గ్రామఫోన్ రికార్డు మీద హక్కు ఎప్పుడో తీరిపోయింది. సుందరాచారి పోయింది మాత్రం 1977లో. అంటే ఆయన మాటల మీద హక్కు 2037 చివరిదాకా నడుస్తుంది. రికార్డుకి విడుదలైంది, పాటకి కాలేదు. పంజరం తలుపు తీసే ఉంది, చిలక కాలికి గొలుసు మాత్రం అట్నే ఉంది.

రేడియో పాటల సంగతి ఇంకా చిత్రం. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. నెల్లూరు తీరం ఈ రెండింటికీ మధ్యలో ఉంది. మద్రాసు నుంచి తెలుగు కార్యక్రమాలు నడిపించినవాళ్లలో బాలాంత్రపు రజనీకాంతరావు ముఖ్యుడు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి దాటాక మద్రాసు కేంద్రం నుంచి వినపడిన తెలుగు స్వాతంత్ర్య గీతం ఆయన రాసి, వరస కట్టినదే. పాడింది మళ్లీ సూర్యకుమారే. 'లలిత సంగీతం' అని మనం గౌరవంగా పిలుచుకునే పాట ఒక రూపానికి రావడం వెనక రజని లాంటి రేడియో ఉద్యోగుల చేయి చాలా ఉంది. సినిమా నిర్మాత జోక్యం లేదు, టిక్కెట్టు అమ్మాలనే బెంగ లేదు, నెల జీతం ఉంది. ఇవాళ్టి ఇండీ కళాకారుడు కలలో కూడా ఊహించలేని సౌకర్యం.

ఆ స్వాతంత్ర్య గీతానికి మాత్రం స్వాతంత్ర్యం ఎప్పుడు? రజని 2018లో పోయారు. అది కవి సొంత రచన అనుకుంటే 2079 జనవరి 1న విడుదల. ఉద్యోగంలో భాగంగా రాశారు కాబట్టి ప్రభుత్వ రచన అనుకుంటే ప్రచురణ నుంచి అరవై ఏళ్లే లెక్క, అంటే ఎప్పుడో అయిపోయినట్టు. ఒకే పాటకి రెండు క్యాలెండర్లు. మధ్యలో డిగ్రీ కుర్రాడు.

*

ఈ అరవై అంకె ఎక్కడిది అని మావాడు అడిగాడు. దాని వెనక రవీంద్రనాథ్ టాగూర్ ఉన్నాడంటే నమ్మలేదు. మన 1957 కాపీరైట్ చట్టంలో మొదట ఉన్నది రచయిత మరణం తర్వాత యాభై ఏళ్లే. టాగూర్ 1941లో పోయారు కాబట్టి 1991తో ఆయన రచనల మీద హక్కు తీరిపోవాలి. ఆ హక్కు విశ్వభారతి చేతిలో ఉంది. పోగొట్టుకోవడం వాళ్లకిష్టం లేకపోయింది. సరిగ్గా గడువు తీరే సమయానికి కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం సవరించి, యాభైని అరవై చేసింది. టాగూర్ ఒక్కడికే చేస్తే బాగుండదు గనక దేశంలో అందరికీ చేసింది.

మా జిల్లాకి ఇందులో చిన్న బంధుత్వం ఉంది. బుచ్చిరెడ్డిపాళెం మనిషి బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతన్‌లో చదువుకుని, బెంగాలీ నేర్చుకుని, టాగూర్‌ని విస్తారంగా తెలుగులోకి తెచ్చాడు. ముఖ్యమంత్రిగా, గవర్నరుగా చేసిన మనిషిని మేం చిన్నప్పుడు టాగూర్ అనువాదకుడిగానే ఎక్కువ విన్నాం. ఏ కవి పాటలు నెల్లూరు జిల్లా ఇళ్లల్లోకి అలా వచ్చి చేరాయో, అదే కవి పేరు మీద ఇవాళ నెల్లూరు కుర్రాడు ఇంకో పదేళ్లు ఆగాల్సొస్తోంది.

సరే, సినిమా పాట వద్దని కాలేజీవాళ్లే అన్నారు కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. కానీ ఎందుకు వద్దన్నారో తెలియాలంటే నెల్లూరులో పెరిగిన గాయకుడి కథే చెప్పాలి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథకుడు. హరికథలో పాట ఆ పూట పాడినవాడిదే. ఊరు మారితే పాట మారుతుంది, జనాన్ని బట్టి పొడుగవుతుంది. కొడుకు సినిమాల్లోకి వెళ్లాడు. అక్కడ పాట పాడినవాడిది కాదు. 1977లో సుప్రీంకోర్టు, డబ్బిచ్చి చేయించుకున్న సినిమా పాటకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి యజమాని నిర్మాతే అని తేల్చింది. గాయకులకి హక్కంటూ ఒకటి ఉందని చట్టం ఒప్పుకోవడానికి 1994 సవరణ దాకా ఆగాలి. రచయితలూ సంగీత దర్శకులూ రాయల్టీ వాటాని రాసిచ్చేయడానికి వీల్లేకుండా చేసింది 2012 సవరణ.

2017 మార్చిలో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా ఆయన పాటలు పాడొద్దని. ఈ ఇద్దరూ ఒకప్పుడు ఒకే ట్రూపులో ఊళ్లు తిరిగినవాళ్లు. బాలు గొడవ పడలేదు. చట్టం అదైతే పాటిస్తానని ఫేస్‌బుక్‌లో రాసి, మిగతా కచేరీల్లో ఆ పాటలు మానేశాడు. తర్వాత ఇద్దరూ కలిశారు, అది వేరే కథ. అప్పుడు జనం రెండుగా చీలి చాలా తిట్టుకున్నారు. నాకు మాత్రం ఇళయరాజా వాదనలో తప్పు కనపడలేదు, బాలు బాధలో అబద్ధమూ కనపడలేదు. వేల పాటలు పాడిన గొంతుకే తన పాటల మీద అంత పట్టు లేనప్పుడు, మైపాడు ఇసకలో ఫోన్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి ఏం ఉంటుంది?

*

"అయితే జానపదం వాడుకుందాం మామా. దానికి ఓనరే ఉండడు" అన్నాడు మావాడు. వాళ్ల క్లాసులో సగం మంది తేల్చుకుంది అదే. చట్టం కూడా దాదాపు ఆ మాటే చెబుతుంది. రచయిత ఎవరో తెలీని, తరాల నాటి పాట అందరిదీ.

మైపాడు ఒడ్డున మీకు పాట కావాలంటే అలివి వల దగ్గరికి వెళ్లాలి. ఒడ్డు నుంచి పడవలో సముద్రంలోకి వెళ్లి, వలని చంద్రవంకలా వేసుకుంటూ తిరిగొచ్చి, రెండు కొసల తాళ్లూ రెండు గుంపులు పట్టుకుని లాగుతారు. ఒకడు ముందు మాట అందిస్తాడు, మిగతావాళ్లు ఊపు అందుకుంటారు. ఆ పాట అందం కోసం పుట్టలేదు. ఇరవై మంది బలం ఒక్క క్షణంలో తాడు మీద పడాలి, అందుకు పుట్టింది. లయ తప్పితే వల జారుతుంది. స్టూడియోలో క్లిక్ ట్రాక్ చేసే పని ఇక్కడ అల చేస్తుంది.

ఇక్కడే కాలేజీ పెట్టిన 'తెలుగులో ఉండాలి' అనే షరతు నీళ్లు తాగుతుంది. నెల్లూరు తీరంలో చేపలు పట్టేవాళ్లలో ఎక్కువమంది పట్టపువాళ్లు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది తమిళం కలిసిన మాట. వాళ్ల పాటలో సగం తెలుగు, సగం తమిళం, మిగిలింది ఉత్త ఊపిరి. బకింగ్‌హామ్ కాలవ మీద పడవలు తిరిగిన కాలంలో ఈ తీరం అంతా మద్రాసు దాకా ఒకటే దారి. ఉప్పు, కట్టెలు, మనుషులు, పాటలు అన్నీ అదే నీళ్ల మీద వెళ్లేవి. భాష సరిహద్దు తర్వాత వచ్చింది.

మా జిల్లా రాళ్ల మీది రాతల్ని బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు ఊరూరా ఎత్తి రాసి 1905లో మూడు సంపుటాలుగా అచ్చేశారు. ఏ గుడికి ఏ రాజు ఎంత పొలం ఇచ్చాడో ఇవాళ కూడా చూసుకోవచ్చు. రాయికి దానం చేసినవాడి పేరుంటుంది. అలివి పాటకి అలాంటి సంపుటం లేదు, అందులో ఎవరి పేరూ లేదు. అంతమాత్రాన ఆ పాట 'ఎవరిదీ కాదు' అయిపోతుందా?

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' వచ్చినప్పుడు సరిగ్గా ఈ ప్రశ్నే లేచింది. సినిమా పాట రాసింది సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లీ. అంతకుముందే టీవీలో 'రేలా రే రేలా' వేదిక మీద ఆ జానపదాన్ని పాడిన కోమలి, మరి నా ప్రస్తావన ఏదీ అని అడిగింది. జానపదం కదా, అందరిదీ కదా అన్నవాళ్లు ఒకవైపు, అందరిదైన పాటని ఇన్నేళ్లు బతికించిన గొంతు ఒకటి ఉంటుంది కదా అన్నవాళ్లు ఇంకోవైపు. చట్టం మొదటివాళ్ల పక్షానే మొగ్గుతుంది. కానీ ఆమె అడిగింది చట్టం గురించి మాత్రమే కాదు. పేరు గురించి అడిగింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఊళ్లో పాట అందరిదీ. అక్కణ్ణించి ఒకడు తీసుకుని రికార్డు చేసి, పైన నాలుగు మాటలు మార్చి విడుదల చేశాడా, ఆ క్షణం నుంచి ఆ రికార్డింగుకి ఓనరుంటాడు. రేపు ఆ ఊరివాళ్లే ఆ రికార్డు పెట్టుకుని పండగ వీడియో అప్‌లోడ్ చేస్తే, యూట్యూబ్ యంత్రం వచ్చి "ఇది ఫలానా కంపెనీది" అంటుంది. ఊరి ఉమ్మడి పొలానికి ఎవడో కంచె వేసి, రేపొద్దున ఊరివాళ్లనే చీటీ అడిగినట్టు.

*

నాకు ఇక్కడ మా జిల్లాలోనే ఇంకో పాటల గుంపు గుర్తొస్తుంది. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' అని సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. చదువుకి జనాన్ని కదిలించడానికి కళాజాతాలు ఊళ్లు తిరిగాయి. డప్పు, కంజీర, నాలుగు గొంతులు, నాటకం ముక్క ఒకటి. రాత్రి బడికొచ్చిన ఆడవాళ్లు వాచకంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠం చదివారు. తీరం నుంచి లోపలికి, మెట్టలో ఉన్న దూబగుంట కథ అది. సారా దుకాణం మూయించిన ఆడవాళ్ల కథ. అక్కణ్ణించి ఊరూరికీ పాకింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. దూబగుంట రోశమ్మ పేరు దేశానికి తెలిసింది.

ఆ ఉద్యమం నడిచింది పాట మీద. అప్పటికే నోళ్లలో ఉన్న వరసలకి కొత్త మాటలు వేసుకునేవాళ్లు. ఒక ఊళ్లో పాడినది పక్క ఊరికి వెళ్లేసరికి అక్కడి సారా కాంట్రాక్టరు పేరు అందులో చేరిపోయేది. ఆ మాటలు ఎవరు ముందు అన్నారని ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడమే ఆ పాటకి బలం. ఢిల్లీలో పాట మీద హక్కుని పదేళ్లు పొడిగించిన 1992లోనే, నెల్లూరు జిల్లాలో పాట మీద ఎవరికీ హక్కు లేదన్నంత ధీమాగా ఆడవాళ్లు పాడుకుంటూ వేలంపాటలు ఆపారు. వేలం 'పాట'ని పాట ఆపింది. ఇది కూడా ఇండీ సంగీత చరిత్రే. మనం ఆ వరసలో రాసుకోలేదు, అంతే.

అయితే ఆ రోజు మంచిదైన అదే పద్ధతి ఈ రోజు ఎందుకు ఇబ్బందిగా ఉంది? అప్పుడు తీసుకున్నవాళ్లూ ఇచ్చినవాళ్లూ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు. పాట ఈ చేతి నుంచి ఆ చేతికి వెళ్లి మళ్లీ తిరిగొచ్చేది. ఇప్పుడు వెళ్లిన పాట తిరిగి రాదు. వ్యూస్ ఒకవైపు, గొంతు ఇంకోవైపు ఉండిపోతాయి.

*

పనికొచ్చే మాటలు కూడా కొన్ని చెప్పుకోవాలి. మీలో ఎవరికైనా ఇలాంటి ప్రాజెక్టు ఉండొచ్చు.

కాలేజీ లోపల, విద్యార్థులు, టీచర్లు, తల్లిదండ్రుల ముందు పాట పాడుకోడానికీ వినిపించుకోడానికీ కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. యూట్యూబ్‌లో పెట్టిన నిమిషం ఆ గొడుగు ఉండదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్న పాట దొరికితే మంచిదే, కానీ మార్పులు కుదరవనే 'నో డెరివేటివ్స్' షరతు ఉన్నది పనికిరాదు. పాటకి బొమ్మ జతచేయడం కూడా ఆ లైసెన్సుల లెక్కలో మార్పే. పూర్తిగా విడుదలైన తెలుగు సాహిత్యం కావాలంటే ఉంది: గరిమెళ్ల సత్యనారాయణ 1952లో పోయాడు, 2013 నుంచి ఆయన గీతాలు అందరివీ. తెల్లవాళ్లు జైల్లో పెట్టిన కవిని ఇప్పుడు ఎవరైనా సొంత వరసలో పాడుకోవచ్చు. పల్లిపాడులో గాంధీ 1921లో ప్రారంభించిన పినాకినీ ఆశ్రమం ముందు నిలబడి పాడితే ఇంకా బావుంటుంది.

ఇక ఇండీ. హైదరాబాదులో కాప్రిషియో, చౌరస్తా లాంటి బ్యాండ్లు వచ్చాక తెలుగులో ఆ మాటకి ఒక ముఖం వచ్చింది. వాళ్ల వెనకే ఇంకెందరో గదిలో కూర్చుని పాటలు చేస్తున్నారు. వాళ్ల పాట ఉచితం అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. కాదు. సినిమా పాటకి మూడు తలుపులు కొట్టాలి, ఏ తలుపు వెనకా మనిషి పలకడు. ఇండీ పాటకి చాలాసార్లు ఒకటే తలుపు. రాసిందీ కట్టిందీ పాడిందీ రికార్డు చేసిందీ ఒకరే, లేదా ఒక గదిలోని నలుగురు. ఒక మెసేజ్ పెడితే "వాడుకో బ్రో, పేరు వెయ్యి" అని వాళ్లే చెప్పగలరు, లేదా వద్దనగలరు. నా దృష్టిలో ఇండీకి అసలైన నిర్వచనం ఇదే: అడగడానికి మనిషి ఉన్న పాట.

మావాడు చివరికి గిటారు పాట వదిలేసి అలివి వల దగ్గరికే వెళ్లాడు. నేను చెప్పింది ఒక్కటే, ముందు అడగమని. తాడు లాగే పెద్దాయన్ని అడిగాడు. "పాటకేంది అబ్బయ్యా, లాగేటప్పుడు వస్తాది. పట్టుకో" అన్నాడట ఆయన. మా పేర్లు ఎక్కడ పడతాయని మాత్రం వెంటనే అడిగాడట. పిల్లలు కాగితం మీద రాసుకున్నారు: పాడినవాళ్ల పేర్లు, పాళెం పేరు, ఈ రికార్డింగు మీద వాళ్లకీ సమాన హక్కు ఉందని, ఎప్పుడైనా డబ్బొస్తే వాటా ఉందని. చదవడం రాని ఇద్దరికి చదివి వినిపించి వేలిముద్రలు తీసుకున్నారు. వీడియోకి వచ్చిన మార్కులు మామూలే. భాష షరతు దగ్గర కొన్ని పోయాయి కూడా.

ఆ కాగితం కోర్టులో ఎంత నిలబడుతుందో లాయర్లు చెప్పాలి. నాకు దాని విలువ వేరే చోట ఉంది. గ్రామఫోన్ కంపెనీ, రేడియో, సినిమా, క్యాసెట్టు, ఇప్పుడు యూట్యూబ్, ఇన్ని దశల్లోనూ తెలుగు పాట ఎవరిదో తేల్చే కాగితం ఎప్పుడూ పైనుంచే కిందికి వచ్చింది. ఒక్కసారైనా ఒడ్డు మీద, ఇసకలో కూర్చుని, పాడినవాళ్లు చెబుతుంటే రాసిన కాగితం అది. ఎవరిదీ కాని పాట అంటూ నిజంగా ఉందో లేదో నాకు నమ్మకం లేదు. మనం ఇంకా ఎవరినీ అడగని పాటలు మాత్రం ఈ తీరం పొడుగునా ఉన్నాయి.